అన్నవరం దారిలో ఆరిన హెడ్‌లైట్: విశాఖ, అరకు, రాజమండ్రి అనుభవాలు

హైదరాబాద్ నుంచి అరకు వెళ్తుంటే, జాతీయ రహదారి 16 మీద జగ్గంపేట దాటాక మా కారు ఎడమ హెడ్‌లైట్ ఆరిపోయింది. కారు ఇంకా వారంటీలోనే ఉంది. అయినా ఆ లైటు మళ్లీ వెలిగే లోపు మా ప్రయాణం మొత్తం తారుమారైంది. బస చేయాల్సిన ఊళ్లు మారాయి, ఎక్కాల్సిన బళ్లు మారాయి. చివరికి చూసుకుంటే మేం మొదట వేసుకున్న ప్లాను కన్నా ఇదే బాగుందనిపించింది. కుటుంబంతో సొంత కారులో ఉత్తరాంధ్ర వైపు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. బసల గురించీ, సర్వీస్ సెంటర్ల గురించీ నాకు ఎలా అనిపించిందో అలాగే చెప్తాను.

కారులో నేను, మావారు, అత్తయ్య, మా అబ్బాయి. నేనూ మావారూ మార్చి మార్చి నడుపుతాం. హైదరాబాద్ నుంచి విశాఖ 600 కిలోమీటర్ల పైమాటే. తెల్లవారకముందే బయలుదేరి రాత్రి భోజనం వేళకి విశాఖ చేరాలన్నది లెక్క. సూర్యాపేటలో టిఫిను, ఏలూరు దాటాక భోజనం, రాజమండ్రి బైపాస్ దగ్గర టీ, అన్నీ అనుకున్నట్టే సాగాయి. డిసెంబరులో కోస్తాలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. లైట్లు వేసిన కాసేపటికే రోడ్డు ఎడమ అంచు చీకటైపోయింది. బండి పక్కకి ఆపి చూస్తే ఎడమ వైపు లో బీమ్ (దగ్గరి రోడ్డు మీదికి, కిందికి పడే వెలుగు) లేదు. దూరానికి పడే హై బీమ్ వెలుగుతోంది, ఇండికేటర్ వెలుగుతోంది, పగలు వెలిగే డీఆర్ఎల్ కూడా వెలుగుతోంది. అందుకే దూరం నుంచి చూసేవాళ్లకు కారు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నడిపేవాళ్లకే కష్టం తెలుస్తుంది.

ఏ వైపు లైటు పోయిందన్నది చిన్న విషయం కాదు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి మన దేశంలో లో బీమ్ వెలుగు ఎడమ అంచు మీద కొంచెం ఎక్కువ దూరం పడేలా తయారుచేస్తారు. రోడ్డు పక్కన ఆగిన లారీ, చీకట్లో నడిచి వెళ్లే మనిషి, ఎదురొచ్చే సైకిలు, ఇవన్నీ కనపడేది ఆ వెలుగులోనే. కుడి లైటు పోతే ఇంకో రకం ప్రమాదం: డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చేవాడికి మన కారు మోటార్ సైకిల్‌లా కనిపిస్తుంది, సందు ఉందనుకుని మీదికి వచ్చేస్తాడు. ఒంటికన్ను బండిని చూసి లారీ డ్రైవర్లు భయపడేది అందుకే. హై బీమ్ వేసుకుని వెళ్లిపోదాం అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టుకుంటూ విశాఖ దాకా వెళ్లడం మర్యాద కాదు, క్షేమమూ కాదు. దగ్గర్లో రాత్రి ఉండదగిన ఊరు అన్నవరం. హజార్డ్ లైట్లు వేసుకోకుండా (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి ఆరి వెలుగుతాయి కాబట్టి అవి వేస్తే మనం ఏ వైపు తిరుగుతామో వెనకవాళ్లకు తెలియదు), ఓ బస్సు వెనకాల తగినంత దూరంలో, నెమ్మదిగా అక్కడికి చేరాం.

కారుతో పాటు వచ్చిన రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లకు ఆ రాత్రే ఫోన్ చేశాను. బండి కదలకపోతేనే లాగుడు బండి పంపిస్తామనీ, లైటు పోయిన కారు కదులుతుంది కాబట్టి దగ్గరి సర్వీస్ సెంటర్‌కి మీరే తీసుకెళ్లాలనీ చెప్పారు. చీకట్లో లైటు లేని కారు కదలగలిగితే మాత్రం ఏం లాభం? ఈ సంగతి పాలసీ కాగితంలో ముందే చదివి పెట్టుకోవడం మంచిది. జాతీయ రహదారి మీద నిజంగా ఇరుక్కుపోతే 1033 ఉంది, పెట్రోలింగ్ బండి వస్తుంది. మాకు అంత అవసరం పడలేదు.

అన్నవరంలో కొండ మీద దేవస్థానం సత్రాలున్నాయి, కింద లాడ్జీలున్నాయి. అంత పొద్దుపోయాక కొండ మీద గది కోసం తిరగడం ఎందుకని కిందే ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్లతో తెచ్చిచ్చారు. కారు లోపల పెట్టుకోవడానికి చోటు లేక రోడ్డు మీదే వదిలాం, అదొక్కటే లోటు. అత్తయ్యకు మాత్రం ఇది దేవుడిచ్చిన అవకాశం. తెల్లారేసరికి రత్నగిరి ఎక్కి సత్యనారాయణ వ్రతం చేయించాలని పట్టుబట్టారు. వ్రతాలు ఒకేసారి చాలామంది కూర్చుని చేసుకుంటారు, పూజ సామగ్రి అక్కడే ఇస్తారు, ముందుగా టికెట్ తీసుకుంటే చాలు. గోధుమనూక, బెల్లం, నెయ్యి వేసి వండిన ప్రసాదం ఎండు విస్తరాకులో వేడివేడిగా పొట్లం కట్టిస్తారు. ఆకు వాసన ప్రసాదానికి పట్టేస్తుంది. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాదు. దారిన పోతూ కొండకింద కౌంటర్లో ప్రసాదం కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మేమూ ఎప్పుడూ అంతే. ఈసారి మెట్లెక్కి తీరిగ్గా దర్శనం చేసుకున్నాం.

తుని బైపాస్ దగ్గర ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కనిపిస్తే ఆగాం. ఈయన గురించి వివరంగా రాయాలి. బానెట్ ఎత్తి ముందు ఫ్యూజులు చూశాడు. ఎడమ లో బీమ్‌కీ కుడి లో బీమ్‌కీ వేరువేరు ఫ్యూజులున్నాయి. రెండిటినీ అటుదిటు మార్చి చూపించాడు. కుడి లైటు వెలుగుతూనే ఉంది, ఎడమది వెలగలేదు. అంటే ఫ్యూజు బాగానే ఉంది. తర్వాత లైటు వెనకున్న కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, కరెంటు వస్తోందో లేదో చూసే టెస్ట్ ల్యాంప్ కొన పిన్ను మీద పెట్టాడు. చిన్న బల్బు ఠక్కున వెలిగింది. "కరెంటు ఇక్కడిదాకా వచ్చేత్తందమ్మా, లోపల యూనిటే పోయింది. వారంటీ ఉందంటున్నారు కదా, నేను ఒక్క వైరు కూడా కొయ్యను. కోస్తే రేపు వాళ్లు ఇదే సాకు చెప్తారు," అన్నాడు. తన దగ్గర విడి ఎల్ఈడీ దీపాలు వేలాడుతున్నాయి. అవి బంపర్‌కి బిగించి, వైరు కలిపి డబ్బులు తీసుకుని పంపించేయొచ్చు. ఆ పని చేయలేదు. ఇచ్చిన వంద కూడా మొహమాటపడుతూనే తీసుకున్నాడు. కప్లర్‌లో వెలిగిన ఆ టెస్ట్ ల్యాంప్‌ని ఫోన్లో వీడియో తీసి పెట్టుకున్నాం. తర్వాత విశాఖలో మా వాదనకు బలం ఆ వీడియోనే.

పాత కార్లలో హాలోజన్ బల్బు పోతే పెద్ద విషయం కాదు. హెచ్4 బల్బయితే 60/55 వాట్లు, ఏ స్పేర్ పార్ట్స్ కొట్లోనైనా దొరుకుతుంది. గాజును వేళ్లతో ముట్టుకోకుండా గుడ్డతో పట్టుకుని బిగించుకోవడమే. చేతి జిడ్డు అంటితే ఆ చోట గాజు వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. ఎక్కువ వెలుగు కోసం 100/90 వాట్ల బల్బులు పెట్టించుకునేవాళ్లున్నారు. వాటికి కరెంటు ఎక్కువ కావాలి, రిలే (ఎక్కువ కరెంటును విడిగా పంపే స్విచ్) లేకుండా పెడితే కప్లర్ కాలిపోతుంది, వైరింగ్ వారంటీ కూడా దానితో పోతుంది. మా కారుది ఫ్యాక్టరీ ఎల్ఈడీ లైటు. అందులో మార్చడానికి బల్బు ఉండదు. డ్రైవర్ మాడ్యూల్ (దీపానికి కరెంటు అందించే సర్క్యూట్), హీట్ సింక్ (వేడి లాగేసే లోహపు భాగం), అద్దం అన్నీ కలిపి ఒకే పెట్టె. ఒక చిన్న భాగం చెడినా మొత్తం యూనిట్ మార్చాలి. జేబులోంచి పెట్టుకుంటే వేలల్లో ఉంటుంది. కాబట్టి ఎల్ఈడీ కార్లున్నవాళ్లకు వారంటీ చాలా విలువైనది.

విశాఖలో అధీకృత సర్వీస్ సెంటర్‌కి మధ్యాహ్నం చేరాం. ఏసీ హాలు, కాఫీ మెషీను, పెద్ద టీవీ, అన్నీ ఉన్నాయి. కారు నడుపుకుంటూ వచ్చిందీ, సంగతి చెప్తున్నదీ నేనైనా అడ్వైజర్ జవాబులన్నీ మావారి వైపు చూసే చెప్పాడు. మొదటి మాటే "బల్బులకు వారంటీ రాదు సార్" అన్నది. ఇందులో బల్బే లేదు, బుక్‌లెట్‌లో మినహాయింపుల్లో రాసింది హాలోజన్ బల్బులు, వైపర్ రబ్బర్లు, బ్రేక్ ప్యాడ్లు లాంటి అరిగిపోయే వస్తువుల గురించి అని పేజీ తీసి చూపించాను. అప్పుడు లైటు మీద టార్చి వేసి, లోపల తేమ ఉందనీ, నీళ్లు పోయుంటే కంపెనీ ఒప్పుకోదనీ అన్నాడు.

ఈ తేమ మాట చాలాచోట్ల వినిపిస్తుంది, కాబట్టి తెలుసుకోవాలి. హెడ్‌లైట్‌లోకి గాలి ఆడేలా చిన్న దారులుంటాయి. చలిరాత్రి తర్వాత, లేదా కారు కడిగాక, అద్దం లోపల పలచగా ఆవిరి పట్టడం మామూలే. లైటు వేసి కాసేపు ఉంచితే, ఎండ తగిలితే అది పోతుంది. అడుగున నీళ్లు నిలిస్తే, బొట్లు బొట్లుగా కారితే అది సీలు లోపమో, దెబ్బ తగిలిన పగులో. మా లైటులో ఆ రెండూ లేవు. అద్దం మీద గీత కూడా లేదు. వర్క్స్ మేనేజర్‌ని పిలవమని అడిగాం. ఆయన వచ్చి వీడియో చూశాడు, కారు కిందికి వంగి వైరింగ్ చూశాడు, బయటి దీపాలేవీ బిగించలేదని నిర్ధారించుకుని ఒప్పుకున్నాడు. మనసులో మాట చెప్పాలంటే, మేనేజర్ ఐదు నిమిషాల్లో తేల్చిన విషయానికి అడ్వైజర్ దగ్గర మా మధ్యాహ్నం అంతా పోయింది.

లైటు స్టాకులో లేదు, గోడౌన్ నుంచి రావాలి, వారం పట్టొచ్చు అన్నారు. పార్టు తెప్పించాలంటే అడ్వాన్సు కట్టమన్నారు. వారంటీ పనికి అడ్వాన్సు ఎందుకని అడిగితే అది పద్ధతి అన్నారు కానీ, ఆ పద్ధతి ఎక్కడ రాసుందో చూపించలేకపోయారు. మేం కట్టలేదు. అడిగి తీసుకున్నది మాత్రం జాబ్ కార్డ్. "ఎడమ లో బీమ్ వెలగడం లేదు, కప్లర్ దాకా కరెంటు వస్తోంది, అద్దం పగల్లేదు, నీళ్లు లేవు" అని అందులో రాయించి, తేదీ, ఓడోమీటర్ రీడింగ్, పార్ట్ నంబరు వేయించి, సంతకం పెట్టించాం. వారంటీ ముగిసేలోపు ఫిర్యాదు నమోదైందని చూపించే కాగితం అదే. పని జరగకపోయినా అది లేకుండా సర్వీస్ సెంటర్ గేటు దాటకూడదు. వారంటీ ఇచ్చేది లేదంటే ఆ మాట కూడా కాగితం మీద రాసివ్వమని అడగాలి. నోటితో "రాదు" అన్నంత తేలిగ్గా చేత్తో రాయరు. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కారు పాడైన ఊరికి తిరిగి రావాల్సిన పని లేదు.

సర్వీస్ సెంటర్ బయట టీ తాగుతూ ఆ పార్ట్ నంబరు పట్టుకుని అదే కంపెనీ డీలర్లకు వరసగా ఫోన్లు చేశాను. డీలర్లు వేరువేరు యజమానులు, ఒకరి గోడౌన్‌లో ఏముందో ఇంకొకరు మనకోసం వెతకరు. మనమే వెతకాలి. రాజమండ్రిలో దొరికింది. ఫోన్ ఎత్తిన అమ్మాయి చాసిస్ నంబరు అడిగి, విశాఖలో తెరిచిన జాబ్ కార్డ్ తన సిస్టంలో చూసి, "లైటు మీ పేరు మీద పక్కన పెడతాను మేడమ్, మీరు వెనక్కి వెళ్లేటప్పుడు పొద్దున్నే రండి" అంది. రాజమండ్రి ఎలాగూ మా తిరుగుదారిలోనే ఉంది. విశాఖ నుంచి 190 కిలోమీటర్లు, పగటిపూట హాయిగా వెళ్లొచ్చు.

మరి అరకు? రోడ్డు మార్గం విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. డిసెంబరులో అనంతగిరి దగ్గర సాయంత్రం నాలుగు దాటితే మంచు కమ్మేస్తుంది. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు మన కళ్లలోకే తిరిగొస్తుంది. దారి చూపించేది కిందికి పడే లో బీమ్, రోడ్డు అంచున తెల్లగీత. సరిగ్గా ఎడమ వైపు ఆ వెలుగే మాకు లేదు. అందుకని కారును విశాఖలోనే వదిలి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కాం.

రైలు పొద్దున్నే ఏడు లోపే బయలుదేరుతుంది. అందుకే బీచ్ రోడ్డు హోటళ్ల ఆశ వదులుకుని స్టేషన్‌కు దగ్గర్లో దొండపర్తి వైపు గది తీసుకున్నాం. సముద్రం కనపడదు, రాత్రంతా బళ్ల చప్పుడు. కానీ సెల్లార్ పార్కింగ్ ఉంది, గది ఖాళీ చేసినా రోజుకింత అని తీసుకుని కారు ఉంచుకోనిచ్చారు. గది తీసుకునే ముందే ఈ సంగతి అడిగి, రసీదు మీద కారు నంబరు రాయించుకోవాలి. ఇలా కారు వదిలి వెళ్లేవాళ్లకు నేను మంచి గది కన్నా మంచి పార్కింగే చూసుకోమంటాను.

విస్టాడోమ్ (అద్దాల పైకప్పున్న) పెట్టెలో టికెట్లు సెలవుల్లో చాలా ముందే అయిపోతాయి. మాకు మామూలు పెట్టెలోనే దొరికాయి. దానికి నేనేమీ బాధపడలేదు. అద్దాల పెట్టెలో సీట్లు తిప్పుకోవచ్చు, పైకప్పు నుంచి కూడా కొండలు కనిపిస్తాయి, నిజమే. మామూలు పెట్టెలో కిటికీ రెక్క ఎత్తితే చల్లగాలి మొహానికి కొడుతుంది, సొరంగంలోకి వెళ్లగానే పిల్లలంతా కలిసి అరుస్తారు, శివలింగపురం దగ్గర ఎక్కిన పెద్దావిడ పనసగింజలు చేతిలో పోసి తినమంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు పంపడానికి 1960లలో కట్టిన లైను ఇది. ఇప్పటికీ ఖనిజం బళ్లకు దారిస్తూ మన బండి ఆగుతూ ఆగుతూ వెళ్తుంది. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగూడ వచ్చేసరికి 996 మీటర్ల ఎత్తు. కారులో వెళ్తే నడిపే మనిషికి రోడ్డు తప్ప ఏమీ కనపడదు. ఈ దారిలో నేను లోయలను తృప్తిగా చూసింది ఇప్పుడే.

అరకులో పర్యాటకాభివృద్ధి సంస్థ వాళ్ల హరిత రిసార్ట్‌లో దిగాం. ఊళ్లోనే ఉండటం దీని బలం: గిరిజన మ్యూజియం, కాఫీ దుకాణాలు నడిచి వెళ్లే దూరం. కారు లేనివాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఫోటోల్లో అందంగా కనిపించే టెంట్ల రిసార్టులు ఊరికి దూరంగా, మట్టిదారుల చివర ఉంటాయి. అక్కడి నుంచి ప్రతి పూటా బండి పిలిపించుకోవాలి. తెలిసినవాళ్లు అలాంటి ఒకదాంట్లో దిగారు, చూడటానికి వెళ్లాం. పొయ్యి మంట, పాటలు, సందడి బాగున్నాయి. బాత్‌రూం మాత్రం టెంటుకు దూరం, ఆ చలిలో అత్తయ్య లాంటివాళ్లకు కుదరదు.

మాడగడ దగ్గర మేఘాలు చూడటానికి చీకటితో వెళ్లాలి. మన కారు ఉన్నా ఇక్కడ లోకల్ జీపే నయం. ఆ దారి వాళ్లకు కంఠతా వచ్చు, మంచులో ఎక్కడ నెమ్మదించాలో తెలుసు. బొర్రా గుహలకు, చాపరాయికి వేరువేరుగా కాకుండా రోజంతటికీ ఒకే జీపు మాట్లాడుకున్నాం. బేరం ముందే, చూపించే చోట్లు అన్నీ చెప్పి ఆడుకోవాలి, ఎందుకంటే "గుహలు" అని ఒప్పుకున్నవాళ్లు దారిలో గాలికొండ దగ్గర ఆగమంటే వేరే లెక్క చెప్తారు. మా జీపు అబ్బాయి అలా చేయలేదు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు ఉన్న తోటలో తనే ఆపి, ఎర్రపండు కోసి మా అబ్బాయి నోట్లో పెట్టాడు. పైన పలచగా తీపి, లోపల గింజ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చింది. కొనేటప్పుడు పొట్లం మీద వేయించిన తేదీ చూసి కొనండి. వ్యూ పాయింట్ల దగ్గర ఊరూపేరూ లేకుండా అమ్మే పొడిలో చికోరీ ఎంత కలిసిందో చెప్పలేం. బొంగులో చికెన్ గురించి అందరూ రాస్తారు. ఆర్డరిచ్చాక మన ముందే బొంగు నింపి కాల్చిన చోట బాగుంది. ముందే కాల్చి పెట్టి వేడి చేసిచ్చినది ఎండిపోయి ఉంది, డబ్బు దండగ.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో, పగలే. కిటికీ పక్కన కూర్చుని ఘాట్ మలుపులు చూస్తుంటే మేం కారు తేకపోవడం ఎంత మంచిదైందో తెలిసింది. కొన్నిచోట్ల రోడ్డు ఎడమ అంచు దిగి వెంటనే లోయ, పిట్టగోడ మీద తెల్లసున్నం కూడా వెలిసిపోయి ఉంది. ఒకే లైటుతో దిగుతున్న ఒక కారు మలుపు తిరగగానే మా డ్రైవర్ హారన్ కొట్టి బస్సును పూర్తిగా ఆపేశాడు.

విశాఖలో కారు తీసుకుని వెళ్లిన రాజమండ్రి సర్వీస్ సెంటర్ చూడటానికి మామూలు షెడ్డు. ఏసీ హాలు లేదు, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల క్యాన్. ఫోన్లో మాట్లాడిన అమ్మాయే కౌంటర్లో ఉంది. అన్నట్టే లైటు అట్టపెట్టె మీద మా కారు నంబరు రాసి పక్కన పెట్టి ఉంచింది. విశాఖ జాబ్ కార్డ్ చూసి, ఇంకో ఫోటోల వరస తీశారు: చాసిస్ ప్లేటు, ఓడోమీటర్, ఇంజన్ ఆన్‌లో ఉండగా వెలగని లైటు. కంపెనీకి పంపాక అనుమతి రావడానికి కొంత టైం పడుతుంది, మా మోడల్‌కి లైటు తీయాలంటే ముందు బంపర్ ఊడదీయాలి, మధ్యాహ్నానికి ఇస్తామన్నారు.

ఆ ఖాళీలో ఆటోలో ధవళేశ్వరం వెళ్లాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఉన్నచోట ఇప్పుడు బ్యారేజీ ఉంది. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియంలో ఆనాటి పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. మా అబ్బాయి గోదావరిని అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు, నీళ్ల దగ్గర్నుంచి కదలనంటాడు. వెనక్కి వస్తూ రోజ్ మిల్క్ తాగాం. ఎండలో తిరిగొచ్చాక తాగితేనే దాని సంగతి తెలుస్తుంది. సర్వీస్ సెంటర్లో టీవీ ముందు కూర్చునే బదులు రాజమండ్రిలో ఇలా గడపడానికి చోట్లకు కొదవ లేదు. మొక్కల పిచ్చి ఉన్నవాళ్లకు కడియం నర్సరీలు కూడా దగ్గరే.

తిరిగొచ్చేసరికి కొత్త లైటు బిగించి బంపర్ ఎక్కిస్తున్నారు. మెకానిక్ పాత యూనిట్ తెచ్చి వెనక మూత చూపించాడు. లోపల ఎక్కడా నీటి మరక లేదు, పిన్నులు నల్లబడలేదు, మాడ్యూలే చచ్చిపోయింది. పాత సామాను కంపెనీకి పంపాలి కాబట్టి మాకివ్వరు, దాన్ని ఫోటో తీసుకోనిచ్చారు. తీసుకునే ముందు కారును సమంగా ఉన్న నేల మీద గోడకు ఎదురుగా, పాతిక అడుగుల దూరంలో నిలబెట్టించాను. లైటు ఎత్తు మార్చే మీట సున్నాలో పెట్టి లో బీమ్ వేస్తే గోడ మీద రెండు వెలుగుల పై గీతలు ఒకే ఎత్తులో ఉండాలి. మాది ఎడమవైపు జానెడు పైకి ఉంది. అలాగే వదిలేస్తే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. చెప్పగానే మెకానిక్ ఏమీ విసుక్కోలేదు, స్క్రూడ్రైవర్‌తో మర తిప్పుతూ, "ఇంకొంచెమా అమ్మా, ఇంకొంచెమా" అని అడుగుతూ సమం చేశాడు. కొత్త లైటు పెట్టించుకున్నవాళ్లంతా ఈ గోడ పరీక్ష చేయించుకోవాలి, అదీ షెడ్డు దాటకముందే.

బిల్లు సున్నా. పార్టుకి లేదు, కూలికి లేదు. సున్నా బిల్లయినా ఇన్వాయిస్ కాపీ, అందులో కొత్త పార్ట్ నంబరు, తేదీ ఉండేలా చూసి తీసుకున్నాం. మార్చిన భాగానికి మా కంపెనీ వారంటీ కొత్తగా మొదలవదు, కారు వారంటీ ఎంతవరకు ఉంటే అంతవరకే. అదే వయసున్న కుడి లైటు ఇంకా పాతదే ఉంది. అందుకని హైదరాబాద్ వచ్చాక, అసలు వారంటీ ముగిసేలోపే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాం. హెడ్‌లైట్ యూనిట్ దాని జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టే ముందు పేజీ తిప్పి చూశాం, ఎందుకంటే కొన్ని ప్లాన్లు ఇంజన్, గేర్‌బాక్స్ వరకే ఇస్తాయి.

ఆ తర్వాత విశాఖ సెంటర్ తరఫున ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది, పదికి పది వేయమని. వాళ్ల దగ్గర జరిగింది జాబ్ కార్డ్ రాయడం ఒక్కటే అనీ, అదీ మేనేజర్ వచ్చాకే అనీ, అడ్వాన్సు అడగడం తప్పనీ చెప్పి మూడు వేశాను. రాజమండ్రి వాళ్లు అడగలేదు, నేనే కంపెనీ నంబరుకు ఫోన్ చేసి ఆ అమ్మాయి, ఆ మెకానిక్ చేసిన పని వివరంగా రాయించాను.